కారు ఒరిగిందా? ముందు టేపు తీయండి

వానలు పడి రోడ్లు బురదయ్యాయంటే విజయవాడ ఆటోనగర్‌లోని మా షెడ్డుకు ఒక రకం కేసులు వరస కడతాయి. డాష్‌బోర్డు మీద సస్పెన్షన్ లైటు వెలుగుతుంటుంది, బండి ఓ పక్కకు ఒరిగి ఉంటుంది, ఓనరు చేతిలో గుండె ఆగేంత ఎస్టిమేట్ ఉంటుంది. "అన్నా, కంప్రెసరూ బెలోలూ మార్చాలన్నారు" అంటాడు. మార్చాల్సి రావొచ్చు. కొలత తీయకుండా ఆ మాట అనేయడమే నాకు నచ్చదు.

ఖరీదైన బండ్లు కొన్నింటిలో ఇనుప స్ప్రింగులుండవు. కంప్రెసర్ గాలి నింపిన రబ్బరు బెలోలే బరువు మోస్తాయి. ఏ మూల ఎంత ఎత్తులో ఉందో చెప్పేది హైట్ సెన్సర్: బాడీ వైపు బిగించిన చిన్న డబ్బీ, దానికో బుల్లి లివరు, లివరు నుంచి సస్పెన్షన్ ఆర్మ్ దాకా సన్నటి లింకు. చక్రం పైకీ కిందకీ ఆడితే లివరు తిరుగుతుంది. ఆ సమాచారం కరెంటు సిగ్నలుగా కంప్యూటర్‌కు చేరుతుంది. 1955లో వచ్చిన సిట్రోయెన్ డీఎస్ కూడా తన ఎత్తు తానే సరిచేసుకునేది. కాకపోతే అందులో కడ్డీ తిరిగి నేరుగా వాల్వునే కదిపేది. వైర్లు లేవు, నాలాంటి ఎలక్ట్రీషియన్‌తో పనీ లేదు!

మాది మామూలు కారే కదా అనుకోకండి. హెడ్‌లైట్లు వాటంతటవే వంపు సరిచేసుకునే కార్లలో చాలావాటికి వెనక చక్రాల దగ్గర ఇలాంటి సెన్సరే ఉంటుంది. అది చెడితే వెలుగు మన బంపరు ముందే పడుతుంది, లేదా ఎదుటివాడి కళ్లలో కొడుతుంది.

బండి రాగానే ముందు బ్యాటరీ చూస్తాను. అది నీరసంగా ఉంటే కంప్యూటర్ లేనిపోని ఫాల్ట్ కోడ్లన్నీ చూపిస్తుంది. తర్వాత టేపుతో నాలుగు మూలలా చక్రం మధ్య నుంచి ఫెండర్ అంచు దాకా కొలుస్తాను. ఆపైనే, సెన్సర్ చెబుతున్న ఎత్తు కంప్యూటర్ నుంచి చదివే స్కానర్. టేపూ స్కానరూ రెండూ ఒరిగిన మూల దిగిందనే చెబితే సెన్సర్ నిజమే చెబుతున్నట్టు. సబ్బునీళ్లు పోసి గాలి ఎక్కడ పోతోందో వెతకాలి. రాత్రి పార్క్ చేసిన బండి తెల్లారేసరికి ఒక మూల కూలబడితే అనుమానం ముందు గాలి లీకు మీదే. టేపు ఒకటి, స్కానర్ ఇంకొకటి చెబితే మాత్రం అక్కడే నా పని మొదలు.

చాలాసార్లు లింకు చివరి ప్లాస్టిక్ కీలు ఊడి ఉంటుంది. లేదంటే కప్లర్ విప్పితే పిన్నులకు ఆకుపచ్చ చిలుము. ప్రెషర్ వాష్ గన్ను నేరుగా అక్కడే పెట్టి కొడతారు మరి! ఇవి రెండూ బాగుంటే మీటరు పెడతాను. మూడు వైర్ల సెన్సర్లలో ఎక్కువవాటికి ఒకదాంట్లో 5 వోల్టులు, ఒకటి ఎర్త్, మూడోది సిగ్నల్. లింకు విడదీసి లివరును మెల్లగా తిప్పితే సిగ్నల్ వోల్టేజీ సాఫీగా పెరగాలి, తగ్గాలి. మధ్యలో ఎగిరి దూకితే సెన్సర్ అరిగింది. 5 వోల్టులే రాకపోతే కొత్త సెన్సర్ వేసినా దండగ, వైరింగ్ వెతకాలి. కొన్ని బండ్లలో ఆ సప్లై ఉమ్మడిది. ఒక సెన్సర్ షార్టయితే మిగతావాటి కోడ్లూ కలిసి వస్తాయి. ఒక్కొక్క కప్లరే పీకి చూస్తే దొంగ దొరుకుతాడు.

సెన్సర్ మార్చాక టేపు కొలతలతో స్కానర్‌లో కాలిబ్రేషన్ చేయించాల్సిందే. అది చేయలేదంటే పని సగమే అయింది. డబ్బులిచ్చే ముందు అడగండి.

ఒక్క జాగ్రత్త. స్విచ్ ఆన్‌లో ఉండగా లివరు కదిపితే కంప్యూటర్ గాలి వదిలేసి బండిని దించేయొచ్చు. జాకీని నమ్మి కిందకు దూరకండి, బాడీ కింద గట్టి స్టాండ్లు పెట్టందే చెయ్యి పెట్టకండి.