అడుగు రక్తానిదా, వీధిదా?

పటంలో పావగడను వెతకండి. తాలూకా తుమకూరు జిల్లాది, చుట్టూ మాత్రం దాదాపు అంతా ఆంధ్రప్రదేశే. బడి చదువు కన్నడం, చాలా ఇళ్లలో మాట తెలుగు. అక్కడి జాతరలో మోగే ఉరుమె, ఇటు అనంతపురం పల్లెల్లో ఉరుము. ఒక పక్క చర్మాన్ని వంపు పుల్లతో రుద్దితే మూలుగుతుంది. వాయించేవాళ్లే అడుగులూ వేస్తారు. ఆ అడుగు చూసి ఎవరు ఏ రాష్ట్రం వాళ్లో చెప్పడం కష్టం.

ఇలాంటి విద్యలు కొన్ని కుటుంబాల్లోనే సాగుతాయి కాబట్టి ‘రక్తంలోనే ఉంది’ అనేస్తాం. రక్తమా, తండ్రి పక్కన నిలబడి చూసిన చూపా? తేలాలంటే ఆ వంశం పిల్లలు వేరేచోట పెరగాలి.

న్యూయార్క్‌లో అదే జరిగింది. చేతులు తిప్పే తీరు జాతి లక్షణమని నాజీ పండితులు వాదిస్తున్న కాలంలో మానవశాస్త్రవేత్త డేవిడ్ ఎఫ్రాన్ అక్కడి వలసవాసులను గమనించి, 1941లో పుస్తకం వేశాడు. దక్షిణ ఇటలీ వాళ్లు మాట్లాడుతుంటే చెయ్యి భుజం నుంచి బారుగా ఊగేది. తూర్పు ఐరోపా యూదులది మోచేతి నుంచి, ఒంటికి దగ్గరగా. అమెరికా జీవితంలో కలిసిపోయిన వాళ్ల సంతానంలో ఈ తేడా చాలావరకు చెరిగిపోయింది. అదే రక్తం, వేరే చేతులు!

ఫ్రాన్స్‌లో సామాజిక శాస్త్రవేత్త మార్సెల్ మోస్ 1934లోనే ఇంకో సంగతి చెప్పాడు: పారిస్ అమ్మాయిల నడక అమెరికా సినిమాల నుంచి వస్తోందట. మన కుర్రాళ్ల హీరో నడకలు ఆయన చూడలేదు పాపం.

కూచిపూడి భాగవతుల్లో సంప్రదాయంగా ఆడవేషం మగవాళ్లదే. వేదాంతం సత్యనారాయణ శర్మ సత్యభామగా నడిచిన నడక సాధనతో వచ్చిందే కదా! వెంపటి చినసత్యం 1963లో మద్రాసులో అకాడమీ పెట్టి, ఆ ఇళ్లతో సంబంధంలేని ఆడపిల్లలకు నేర్పారు. వాళ్లకూ వచ్చింది.

జన్యువుల వాటా అసలు లేదని కాదు. ఆరు లక్షల మందికి పైగా పాల్గొన్న 2022 నాటి పరిశోధన, తాళం పట్టడంతో ముడిపడిన 69 చోట్లను జన్యుపటంలో గుర్తించింది. అన్నకు కుదిరిన తాళం తమ్ముడికి కుదరకపోవడం వంటి తేడాలవి. ఏ తాళానికి ఏ అడుగో వాటిలో రాసిలేదు.

హైదరాబాద్ బరాత్‌ల మర్ఫా సంగతి చూడండి. నిజాం కొలువుకొచ్చిన యెమెన్ అరబ్బులు, ఆఫ్రికా మూలాల సిద్దీలు తెచ్చిన మోత అది. ఆ సిద్దీల ఏసీ గార్డ్స్ పేటలో ‘ఏసీ’ అంటే ఆఫ్రికన్ కావల్రీ. ఇప్పుడు ఆ దరువుకు ఎగిరేవాళ్లలో ఆఫ్రికా మూలాలున్నవాళ్లు ఎందరుంటారు?