గాలి ఎటు వీస్తోంది?



పొద్దున్నే బట్టలు ఆరేసేటప్పుడు మనం మొదట చూసేది గాలి ఎటు వీస్తోందనే కదూ? పక్కింటి పొగ మన తెల్లచీర మీదికి వస్తుందనిపిస్తే దండెం ఇంకోవైపు కట్టుకుంటాం. ఇవాళ నేను చెప్పబోయేదీ అలాంటి సంగతే. కాకపోతే అది పెరటి ముచ్చట కాదు, అణు విద్యుత్ కేంద్రం ముచ్చట.

మా అక్కయ్య కొడుకు అలాంటి ఒక కేంద్రంలో వాతావరణ పరికరాలు చూసుకుంటాడు. "కరెంటు తయారుచేసే చోట గాలీ వానా లెక్కలెందుకురా?" అని అడిగాను. "పొరపాటున విషపదార్థం బయటికి పొక్కితే ఏ ఊరివాళ్ళని ముందు కదిలించాలో చెప్పేది గాలే, పిన్నీ!" అన్నాడు.

అందుకని కేంద్రం ఆవరణలో పొడుగాటి ఇనుప స్తంభం ఒకటి నిలబెడతారు. అమెరికా పద్ధతిలో 10 మీటర్ల ఎత్తున ఒకసారీ, 60 మీటర్ల ఎత్తున ఒకసారీ కొలతలు తీస్తారు. గిరగిర తిరిగే మూడు గిన్నెలు గాలి వేగం చెబుతాయి. బాణంలాంటి రేకు దిక్కు చెబుతుంది. రెండు ఎత్తుల్లోనూ వేడి కొలిచే పరికరాలుంటాయి.

రెండు చోట్ల ఎందుకంటారా? చలికాలం తెల్లవారుజామున పొయ్యి పొగ పైకి పోకుండా వీధంతా దుప్పటిలా పరుచుకోవడం మీరు చూసే ఉంటారు. రాత్రి నేల చల్లబడి, దాన్ని అంటుకున్న గాలి కూడా చల్లబడుతుంది. పైన గాలి మాత్రం వెచ్చగా ఉండి మూతలా పనిచేస్తుంది. ఎండెక్కాక ఆ మూత తొలగి పొగ పైకి పోతుంది. కింది వేడికీ పై వేడికీ ఉన్న తేడా చూస్తే ఆ మూత ఉందో లేదో తెలుస్తుంది. తేడా చాలా చిన్నది కనుక కొలతలో తప్పు 0.1 డిగ్రీని మించకూడదంటారు.

గాలి దిక్కులో 5 డిగ్రీల వరకూ తప్పు ఒప్పుకుంటారు. ఆ 5 డిగ్రీలే 10 కిలోమీటర్లు పోయేసరికి ముప్పాతిక కిలోమీటరు పైన తేడా అవుతుంది. అంటే ఒక చిన్న ఊరంత! ఇంకా ఎక్కువ తప్పితే ఏమవుతుందో మీరే ఊహించుకోండి.

మరి ఈ పరికరాలు ఎండలో, వానలో, దుమ్ములో ఏడాది పొడుగునా ఉండేవాయె. గిన్నెలు తిరిగే ఇరుసులో దుమ్మో, సముద్రపు ఉప్పో చేరితే చిన్నగాలికి కదలవు. అప్పుడు 'గాలి లేదు' అని కాగితం మీద పడుతుంది. అదేమో నిజమే అన్నట్టుంటుంది! ఆగిపోయిన గడియారం కంటే తప్పు టైము చూపే గడియారమే ఎక్కువ మోసం చేస్తుంది కదా. ఒకరోజు బయట కుండపోతగా వాన కురుస్తుంటే, వాన కొలిచే పరికరం సున్నా చూపించిందట. పైకెళ్ళి చూస్తే గరాటులో ఆకులు, పిట్ట రెట్ట!

అందుకే ఆరునెలలకొకసారి సరిచూడటం, స్తంభాన్ని పట్టి ఉంచే తీగలను ఏటా పరీక్షించడం, చుట్టుపక్కల చెట్లు ఎదిగి గాలికి అడ్డం రాకుండా చూసుకోవడం, ఇవన్నీ వాళ్ళ నిత్యకృత్యాలు. ఏడాది మొత్తంలో నూటికి 90 వంతుల సమయానికైనా నమ్మదగిన లెక్కలుండాలని అమెరికాలో ప్రమాణం.

పరికరాలు బాగుంటే సరిపోతుందా? చాలదమ్మా. జపాన్‌లో 2011 మార్చి 11న భూకంపం, సునామీ వచ్చి ఫుకుషిమా కేంద్రం దెబ్బతింది. కరెంటు పోయి, ఆ జిల్లాలో రేడియేషన్ కొలిచే స్థిర కేంద్రాలు చాలావరకు మూగబోయాయి. మార్చి 15న గాలి వాయవ్యానికి తిరిగింది. వానా మంచూ పడి, గాలిలో ఉన్న విషాన్ని నేలకు దింపాయి. నమియె పట్టణంవాళ్ళు చాలామంది ముందే త్సుషిమా అనే చోటికి తరలిపోయి తలదాచుకున్నారు. అదీ వాయవ్యంలోనే ఉంది! విషం ఎటు పోతుందో లెక్కగట్టే ఏర్పాటు ప్రభుత్వం దగ్గర ఉంది. దాని పేరు స్పీడి. ఆ లెక్కలు పూర్తివి కాకపోయినా, ఉన్నంతవరకైనా ఆ పట్టణానికి సమయానికి అందలేదు. పిల్లల్ని చంకనెత్తుకుని ప్రాణభయంతో పోయిన తల్లులు, పోకూడని దిక్కుకే పోయారన్నమాట.

మనకి దగ్గర్లో తమిళనాడులోని కల్పాక్కం కేంద్రం సముద్రం ఒడ్డునే ఉంది. అలాంటి చోట పగలు సముద్రం నుంచి, రాత్రి నేల నుంచి గాలి మళ్ళుతూంటుంది. పొద్దుటి లెక్క సాయంత్రానికి పనికిరాదు.

కుక్కర్ వెయిట్ రంధ్రం రోజూ ఊది చూసుకుంటామే, ఏళ్ళ తరబడి ఏమీ జరగలేదని మానేస్తామా? ఏమీ జరగకపోవడానికి కారణం ఆ ఊదడమే కావచ్చు. స్తంభమెక్కి పిట్ట రెట్ట తుడిచే పని కూడా అలాంటిదే. ఎవరూ మెచ్చుకోరు. కానీ అవసరమైన రోజున ఏ వీధివాళ్ళు ఎటు పోవాలో చెప్పేది ఆ తుడుపే. మనింటి పనుల్లాగే!