బొగ్గుట్టలో సముద్రపు రుచి

ఇల్లందు పట్టణానికీ సముద్రానికీ సంబంధమేమీ పైకి కనపడదు. తీరం అక్కడికి 150 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్నది. ఆ నేల కీర్తి యావత్తూ భూగర్భంలోనిది. 1871లో విలియం కింగ్ అనే భూతత్త్వవేత్త ఆ ప్రాంతంలో నేలబొగ్గును గుర్తించిన పిమ్మట 1889లో తవ్వకం ఆరంభమైనది. జనం ఊరిని బొగ్గుట్ట అన్నారు. ఒక దిక్కున గనులు, మరొక దిక్కున భద్రాచలపు అడవులు. అయినప్పటికీ ఈ లోనాటి సంతలలో ఎండు మిరపకాయల చెంతనే ఎండు రొయ్యల రాశి కానవస్తుంది. సముద్రం తన నీటిని తీరాననే విడిచి, ఉప్పును మాత్రం వెంటబెట్టుకొని, గోనెసంచిలో ఇంత దూరం ప్రయాణం చేస్తున్నది.

ఆ రాశికి మనవారిచ్చిన గౌరవం స్వల్పం. పచ్చి రొయ్యకు విందులో పీట వేస్తాము. ఎండు రొయ్యను ఇరుగుపొరుగుకు వాసన తెలియకుండా తలుపు మూసి వేయిస్తాము. అది కూలినాలి జనుల కూర అని ఒక చులకన. చింతచిగురుతోనో, దోసకాయతోనో, వంకాయతోనో గుప్పెడు ఎండు రొయ్యలు చేరితే కుటుంబమంతటికీ ముద్ద దిగుతుందన్నది వాస్తవమే. అయితే చవకైన వస్తువు గనుక రుచి తక్కువదని తలచడం పొరపాటు.

ఈ మాటకు హాంకాంగ్ నగరమే సాక్ష్యం. అక్కడ ఎండబెట్టిన సముద్రపు సరుకు అమ్మే అంగళ్లు వీధి పొడుగునా బారులు తీరి ఉన్నవి. దానిని పండుగ కానుకగా ఇచ్చుకొనే ఆచారమూ ఉన్నది. 1980 తరువాతి సంవత్సరాలలో ఆ నగరపు భోజనశాలలు ఒక కారపు వ్యంజనానికి ‘ఎక్స్ఓ సాస్’ అని పేరు పెట్టి ప్రసిద్ధికి తెచ్చినవి. ఆ రెండక్షరాలు చిరకాలం నిలవ చేసిన ఫ్రెంచి బ్రాందీ సీసాలపై ఉండే గుర్తు. వ్యంజనంలో సాధారణంగా బ్రాందీ చుక్కయినా ఉండదు. విలువైనదని తెలుపడానికే ఆ పేరు. అందులో పడేవి ఎండు రొయ్యలు, స్కాలప్ అనే ఆల్చిప్ప జాతి జీవి ఎండు కండ, ఉప్పులో మాగబెట్టిన జిన్‌హువా పంది మాంసం, వెల్లుల్లి, చిన్న ఉల్లి, మిరప, నూనె.

వీనిలో ఖరీదైన రెండింటినీ తీసివేస్తే మిగిలినదంతా ఇల్లందు వంటింటిలో ఉన్నదే. మిరప మాట చెప్పనే అక్కరలేదు. ఖమ్మం మార్కెట్టు తేజ రకం మిర్చికి పెట్టింది పేరు. ఆ మిర్చి చైనాకు సైతం ఎగుమతి అవుతున్నది.

ఎండులో రుచి ఎందుకు చిక్కబడుతుందో శాస్త్రం చెప్పగలదు. నీరు పోయినకొలదీ మాంసంలోని రుచినిచ్చే పదార్థాల పాలు పెరుగుతుంది. వానిలో ముఖ్యమైన గ్లూటమేటును 1908లో జపాను శాస్త్రజ్ఞుడు ఇకెడా సముద్రపు నాచునుండి వేరుచేసి, ఆ రుచికి ‘ఉమామి’ అని పేరు పెట్టినాడు. మన భాషలో దానికి ప్రత్యేకమైన పేరు లేకపోయినా, రొయ్యపొడి కలిపిన అన్నం తిన్న నాలుక దానిని ఎరుగును.

ఆ వ్యంజనాన్ని ఇంట చేసుకోదలచినవారికి విధానం కష్టమైనది కాదు. 100 గ్రాముల ఎండు రొయ్యలను తలలు, తోకలు తుంచి, చేటలో చెరిగి, వేడినీట అరగంట నాననివ్వవలెను. నీరు వడకట్టి దాచి, రొయ్యలను రోటిలో పీచు పీచుగా నలుగగొట్టవలెను. మెత్తని పొడి చేయరాదు. మన రొయ్యపొడికీ దీనికీ భేదం ఇక్కడనే. 200 మిల్లీలీటర్ల నూనెలో సన్నగా తరిగిన 150 గ్రాముల చిన్న ఉల్లిని సన్నని మంటపై బంగారు వన్నె వచ్చేవరకు వేయించి, 50 గ్రాముల వెల్లుల్లి తరుగును, పిదప రొయ్యలను చేర్చవలెను. దాచిన నీటిని పోసి పూర్తిగా ఇగరనివ్వవలెను. నూనెలో బుడగలు అణగి, రొయ్య కరకరలాడే వేళకు పది ఎండు మిరపకాయల కచ్చాపచ్చా పొడిని, చిటికెడు బెల్లాన్ని, రుచి చూసి ఉప్పును వేసి దించవలెను. మిరప ముందుగా వేస్తే మాడి చేదెక్కుతుంది.

ఒక్క హెచ్చరిక అవసరం. తడి మిగిలిన వెల్లుల్లి నూనె అడుగున గాలి సోకక ఉంటే ప్రాణాపాయమైన విషక్రిములు పెరగవచ్చును. ఆ తడి ఆరే వరకు ఓపిక పట్టవలెను; చల్లారగానే పొడి సీసాకెత్తి ఫ్రిజ్‌లో ఉంచి, కొద్ది దినాలలోనే వాడుకొనవలెను.

వేడి అన్నంలో ఒక చెంచాడు చాలును. హాంకాంగ్ వంటవారు పరదేశపు వస్తువును తెచ్చి కీర్తి గడించలేదు. తమ వీధిలోని ఎండు సరుకును సిగ్గుపడక బల్లమీద పెట్టి, దానికి తగిన పేరు పెట్టినారు. మన సంతలోని రొయ్యకు కొరవడినది రుచి కాదు, ఆ మన్నన. వేయించేటప్పుడు తలుపు తెరచి ఉంచడంతో ఆ మన్ననకు శ్రీకారం చుట్టవచ్చును.