కొబ్బరి తోటల్లో పచ్చిరొట్ట పైర్లు



భీమవరం నుంచి వీరవాసరం మీదుగా పాలకొల్లు వైపు పోతూ కొబ్బరి తోటలను గమనించండి. చెట్టుకూ చెట్టుకూ నడుమ 26 అడుగులు వదిలితే ఎకరాకు 64 చెట్లు పడతాయి. కొబ్బరిది పీచు వేరు. ఆ వేర్లలో ఎక్కువ భాగం మాను చుట్టూ ఆరడుగుల మేరలోనే ఉంటాయి. లెక్క కడితే, చెట్టుకు వదిలిన నేలలో ఆరో వంతు మాత్రమే పాదు. తక్కిన అయిదు వంతులూ ఎండకు నెర్రెలు విచ్చి, కలుపు మొలిచి ఊరికే పడి ఉంటున్నది. డబ్బు పెట్టి కొన్నది మొత్తం నేలే గదా!

ఆ ఖాళీలో పచ్చిరొట్ట పైరు వెయ్యండి. వరి కోతల ముందు చేలో పిల్లిపెసర చల్లడం మన డెల్టాలో ఎరిగిన పనే. ఆ అలవాటునే తోటలోకి తెస్తున్నాం. పైరు నేలను కప్పి కలుపును అణచుతుంది. వేళ్ల బుడిపెల్లో ఉండే సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు అందిస్తాయి. నెల పైరు మొక్కను మెల్లగా తవ్వి, ఒక బుడిపెను గోటితో చిదిమి చూడండి. లోపల గులాబి రంగు ఉంటే పని జరుగుతున్నట్లే.

ఏ నేలకు ఏ పైరు? నీరు నిలవని నేలకు జనుము. నీరు నిలిచే పల్లానికీ, రొయ్యల చెరువుల పక్కన ఉప్పు తగిలిన నేలకూ జీలుగ. పశువులకు మేత కూడా కావాలంటే పిల్లిపెసర. జనుము ఎకరా నిండా చల్లితే 12-15 కిలోలు పడుతుంది. పాదులు వదిలేస్తాం కనుక 10-12 కిలోలు చాలు.

కాలువలు కట్టేసిన వేసవిలో మాత్రం వెయ్యవద్దు. ఉన్న కాస్త తేమకూ పైరు చెట్టుతో పోటీ పడుతుంది. మృగశిర, ఆర్ద్ర కార్తెల్లో తొలకరి పదునుకు చల్లండి. 45-50 రోజులకు పూత కనబడగానే కలియదున్నండి. ఇక్కడే చాలామంది పొరబడతారు. "ఇంకొంచెం ఎదగనిద్దాం" అని ఆగితే కాడ ముదిరి పీచు కడుతుంది, తొందరగా కుళ్లదు. గింజ పట్టిందా, కూడబెట్టిన నత్రజని గింజలోకి పోతుంది. కనుక విత్తిన రోజే దున్నే తేదీ గోడమీద రాసిపెట్టుకోండి.

మరి రెండు జాగ్రత్తలు. కోసిన రొట్టను తోటలో కుప్ప వెయ్యకండి. కుళ్లే కుప్పల్లో కొమ్ము పురుగు గుడ్లు పెట్టి, పెద్దదై కొబ్బరి మొవ్వును తొలుస్తుంది. రొట్టను మట్టిలో కప్పెయ్యాలి. దున్నేటప్పుడు నాగలైనా, ట్రాక్టరైనా పాదులోకి పోనివ్వకండి, వేర్లు తెగుతాయి.

నీడ దట్టంగా ఉన్న నడివయసు తోటల్లో ఈ పైర్లు బాగా రావు. అక్కడ కోకో వేసుకుంటే రాలిన ఆకే నేలను కప్పుతుంది. పచ్చిరొట్ట వేశాం కదా అని పొటాషు మానకండి. కొబ్బరికి అది ఎక్కువే కావాలి. రొట్ట దాని లోటు తీర్చదు.

అనుమానంగా ఉంటే ఈ తొలకరికి నాలుగు వరసల నడుమ మాత్రం వేసి, పక్క వరసలతో పోల్చి చూడండి. కొబ్బరి ఫలితం ఒక్క ఏడాదిలో తేలేది కాదు. మట్టిలో తేడా మాత్రం పార గుచ్చితే మీకే తెలుస్తుంది.