సెన్సర్ అలారం మోగిందా? ముందు వేలు గుచ్చి చూడండి

రాత్రి ఒంటిగంటన్నరకు ఫోన్‌లో అలారం. షుగర్ 58కి పడిపోయిందని హెచ్చరిక. ఇంటిల్లిపాదీ లేచి పెద్దాయన చేత గ్లాసుడు పంచదార నీళ్లు తాగించారు. తెల్లారి చూస్తే 290. మర్నాడు రాత్రీ అదే తంతు. నాలుగు రోజులు ఓపిక పట్టి, ఆ తర్వాత ఆయన ఫోన్ స్విచాఫ్ చేసి పడుకోవడం మొదలెట్టారు. ‘ఏటి డాట్రు బాబూ ఇది, నిద్దరే పోనివ్వట్నేదు’ అంటూ చేతికున్న సెన్సర్ చూపించారు. ఏ పక్కకు తిరిగి పడుకుంటారని అడిగాను. ఎడమవైపు అన్నారు. సెన్సర్ ఉన్నదీ ఎడమ చేతికే.

మీరు వాడే కంటిన్యువస్ గ్లూకోజ్ మానిటర్ నేరుగా రక్తాన్ని కొలవదు. వెంట్రుకలాంటి సన్నటి తీగతో చర్మం కింద, కణాల మధ్య ఉండే ద్రవంలోని గ్లూకోజ్‌ను కొలుస్తుంది. ఆ చేయి ఒంటి కింద నలిగితే అక్కడ రక్తప్రసరణ తగ్గి, అంకె ఒక్కసారిగా కిందికి జారుతుంది. పక్కకు తిరిగితే కాసేపట్లో మామూలైపోతుంది. సెన్సర్ పెట్టిన మొదటి రోజు కూడా అంకెలు అంత నికరంగా ఉండవు. మన తీరంలో ఉక్కకు చెమట పట్టి, ప్లాస్టర్ ఊడి, తీగ కదిలినా తప్పుడు అంకెలే వస్తాయి.

ఇలా రోజూ ‘నాన్నా పులి’ అనిపించుకున్న అలారాన్ని నిజంగా పులి వచ్చిననాడు ఎవరూ పట్టించుకోరు. నా భయం అదే. ముఖ్యంగా కిడ్నీ జబ్బు ఉన్నవారి విషయంలో. ఉద్దానంలో కిడ్నీలు దెబ్బతిన్నవారిలో చాలామందికి అసలు షుగరే లేదు. కానీ కవిటిలోనైనా, రాజాంలోనైనా ఈ రెండు జబ్బులూ కలిసి ఉన్నవారికి షుగర్ పడిపోయే ముప్పు ఎక్కువ. ఇన్సులిన్‌ను ఒంట్లోంచి తొలగించే పనిలో కిడ్నీలకూ వాటా ఉంది. అవి నెమ్మదిస్తే నిన్నటి మోతాదే ఇవాళ ఎక్కువైపోతుంది. గ్లిబెన్‌క్లమైడ్, గ్లిమిపిరైడ్ లాంటి మాత్రల ప్రభావమూ అంతే, గంటల తరబడి వదలదు. వీళ్లకు రక్తహీనత వల్ల మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష కూడా తప్పుదారి పట్టించవచ్చు. సెన్సర్ మరీ అవసరమయ్యేది ఇలాంటివారికే.

కాబట్టి అలారాన్ని ఆపేయకండి. మోగగానే చేతులు కడుక్కుని (మామిడిపండు తిన్న వేలికి గ్లూకోమీటర్ ఎక్కువ చూపిస్తుంది) వేలు గుచ్చి చూడండి. 70 కంటే తక్కువుంటే మూడు చెంచాల పంచదారో గ్లూకోజ్ పొడో నీళ్లలో కలిపి తాగండి. చెమటలు, వణుకు, తడబాటు ఉంటే పరీక్ష కోసం ఆగొద్దు, ముందు తాగండి. పావుగంటకు మళ్లీ వేలే గుచ్చండి. సెన్సర్ కొన్ని నిమిషాలు వెనకబడి ఉంటుంది. దాన్నే చూస్తూ కూర్చుంటే ఇంకా తక్కువే ఉందనుకుని గ్లాసు మీద గ్లాసు తాగేస్తారు. పెద్దాయనకు 290 అయింది అలాగే. షుగర్ నిలబడ్డాక ఏదైనా తినండి.

ఇంటి వెనక చెట్టుంది కదా అని కొబ్బరినీళ్లు ఇస్తుంటారు. అందులో చక్కెర తక్కువ, పొటాషియం ఎక్కువ. కిడ్నీ రోగులకు వద్దే వద్దు. స్పృహ తప్పినవారి నోట్లో ఏమీ పోయకండి, 108కి ఫోన్ చేయండి.

ఇంకో మాట. విటమిన్‌-సి మాత్రలు రోజుకు 500 మిల్లీగ్రాములు మించి వేసుకుంటే కొన్ని రకాల సెన్సర్లు ఉన్నదానికంటే ఎక్కువ చూపుతాయి. అప్పుడు షుగర్ నిజంగా పడినా అలారం మోగదు. మీరు వాడే మాత్రలన్నీ డాక్టర్‌కు చెప్పండి.

పెద్దాయనకు కొత్త సెన్సర్ కుడి చేతికి పెట్టించాం. రెండు వారాల్లో రాత్రి అలారం ఒక్కసారే మోగింది. కోడలు వేలు గుచ్చి చూస్తే 61. ఆ రోజు శనివారం, ఆయన ఒక్కపొద్దు. అన్నం మానేశారు గానీ గ్లిమిపిరైడ్ మానలేదు. క్రియాటినిన్ చేయిస్తే 1.9 ఉంది. ఆ మాత్ర మార్చేశాం.