తీరిక నెలలలో సన్న రంపపు పని

రబీ పంట ఇల్లు చేరినది మొదలు తొలకరి పడువరకు మెట్ట గ్రామములలో చేతికి పని తక్కువ. ఈ నెలలలో అరుగు మీద కూర్చుండి చేయదగిన పనులలో సన్న రంపపు పని ఒకటి. పేరు పలకలు, ధాన్యపు బస్తాలపై గుర్తులు వేయు అచ్చులు, పిల్లల బొమ్మలు, గోడ అలమరలకు లతల పనితనము, ఇవన్నియు దీనితో చేయవచ్చును. కావలసిన సామానంతయు ఒక గుడ్డసంచిలో పట్టును.

ఇటీవల చాలమంది విద్యుత్తుతో నడచు స్క్రోల్ సా యంత్రమును ముందుగా కొని, పిమ్మట పని నేర్చుకొనబోవుచున్నారు. ఇది తలక్రిందుల పద్ధతి. చేతి రంపముతో పది పలకలు కోసినవానికి యంత్రము నాలుగు రోజులలో లొంగును. చెక్క తీరు, బ్లేడు తీరు తెలియనివానికి యంత్రము బ్లేడ్లు విరుచు సాధనము మాత్రమే. ఇంకొక పొరపాటు కూడ జరుగుచున్నది. దుకాణములలో జిగ్ సా అను చేతి యంత్రమును దీనికి బదులుగా అంటగట్టుచున్నారు. దాని బ్లేడు వెడల్పు, ఒక కొననే బిగింపు ఉండును. చిన్న వంపులు అది తిరుగలేదు.

సన్న రంపమునకు విల్లు వంటి ఇనుప చట్రము, దాని రెండు కొనల నడుమ బిగించు 5 అంగుళాల సన్నని బ్లేడు ఉండును. బ్లేడ్లకు అంకెలుండును, అంకె పెరిగినకొలది పళ్లు ముదురు. 3 మి.మీ. ప్లైవుడ్డుకు 1వ నంబరు, 6 మి.మీ. చెక్కకు 3వ నంబరు బిగించి మొదలు పెట్టవచ్చును. డజను బ్లేడ్లు ఒక్కసారే కొనవలెను, మొదటి వారములో సగము విరుగును. పళ్లు పిడివైపు, అనగా క్రిందికి, చూచునట్లు బిగించవలెను. రంపము క్రిందికి లాగినపుడే కోయును. వ్రేలితో మీటినపుడు బ్లేడు తంబుర తీగవలె స్పష్టముగా పలుకవలెను. మొద్దుగా పలికిన బ్లేడు వంపులో ప్రక్కకు జరుగును.

బల్ల అంచున జానెడు పలక ఒకటి ముందుకు వచ్చునట్లు బిగించి, దాని కొనలో పంగకర్రవలె గంటు తీయవలెను. చెక్కను ఆ గంటుపై ఆనించి, రంపమును నిట్టనిలువుగా ఒకేచోట ఆడించుచు, చెక్కనే త్రిప్పవలెను. రంపమును త్రిప్పబోయిన బ్లేడు విరుగును. లోపలి భాగములు ముందు, వెలుపలి గీత చివర కోయవలెను. వెలుపల ముందు కోసినచో పట్టుకొనుటకు చోటుండదు. లోపల కోయుటకు సన్నని బర్మాతో రంధ్రము చేసి, బ్లేడు ఒక కొన విప్పి అందులో దూర్చి తిరిగి బిగించవలెను.

మన అక్షరముల గుండ్రదనము ఈ రంపమునకు మిక్కిలి అనువు. కాని తెలుగు అక్షరమును కాగితముపై వ్రాసినట్లే చెక్కపై గీసి కోసినచో చిక్కు వచ్చును. అక్షరమును విడిగా కోసి పలకపై అతికించుటకైతే ప, ష, స, హ లను చూడుడు. అచ్చులో వీటి తలకట్టు ఒంటికి తగులదు. అట్లే కోసినచో తలకట్టు ఊడి చేతికి వచ్చును. గీయునపుడే తలకట్టును క్రిందికి దించి అక్షరమునకు తాకించవలెను. ఒత్తులకును ఇదే మాట.

బస్తాలపై రంగు పూయు అచ్చుకు చిక్కు దీనికి ఎదురు. అక్కడ అక్షరమును పోగొట్టి చుట్టునున్న చెక్కను నిలుపుకొందుము. కావున ర, వ, మ లలోని మూసిన గుండ్రము, సున్న నడిమి భాగము ఊడి పడిపోవును. గుండ్రము ఒకచోటనో రెండుచోట్లనో తెగకుండ అర అంగుళములో నాలుగవ వంతు వెడల్పు కట్టు వదలవలెను. ఠ మరింత మొండిది: గుండ్రము లోపల చుక్క ఉన్నది. చుక్కను చిన్న రంధ్రముగా తీసి, దాని చుట్టునున్న చెక్కను రెండు కట్లతో వెలుపలికి కలిపినచో నిలుచును. మొదట పాత అట్టపై కత్తితో కోసి చూచుకొనుట చౌక.

చెక్క కొరకు చెట్టు కొట్టనక్కరలేదు. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టము ప్రకారము అనుమతి లేక కొట్టుటయు తగదు. వడ్రంగి కొట్టములోని టేకు ముక్కలు చాలును. మామిడి సులువుగా తెగును కాని పుచ్చు త్వరగా పట్టును; నీడలో, నడుమ పుల్లలు పెట్టి, గాలి ఆడునట్లు పేర్చి బాగుగా ఆరబెట్టవలెను. సరుకుల క్రింద వచ్చు పాత చట్రముల చెక్క వాడదలచిన ముద్ర చూడవలెను. ఇంగ్లీషులో హెచ్.టి. అని ఉన్నది వేడితో శుద్ధిచేసినది. ఎం.బి. అని ఉన్నది మిథైల్ బ్రోమైడు విషవాయువు పట్టినది, ముట్టవద్దు. గన్నేరు, నల్లజీడి కొయ్యలతో బొమ్మలు చేయరాదు.

కొండపల్లి వారి బొమ్మలు తెల్లపొణికి చెక్కతోను, ఏటికొప్పాక వారివి అంకుడు కర్రతోను అగును. మొదటివి చెక్కి అతికినవి, రెండవవి తిరుగుడు పట్టుపై లక్క పూసినవి. ఈ రెండు పేర్లకును భౌగోళిక గుర్తింపు ఉన్నందున, మనము కోసిన బొమ్మలను ఆ పేర్లతో అమ్మరాదు. ఎడ్లబండి, నాగలి, గొర్రు, మన ఊరి పనిముట్లే మంచి నమూనాలు. ఒంగోలు ఎద్దును ఐదు ముక్కలుగా కోసి తిరిగి కూర్చు ఆటబొమ్మ పిల్లలు వదలరు.

రంపపు పొట్టును చులకనగా చూడవద్దు. చెక్క ధూళి మనుష్యులకు క్యాన్సరు కలిగించునని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లో ప్రకటించినది. ఆరుబయట గాలికి వీపు చేసి కూర్చుండి, ముక్కుకు మాస్కు కట్టవలెను. తడిగుడ్డ ఒక్కటి చాలదు. పొట్టును నోటితో ఊదరాదు.

గరుకు కాగితముతో నునుపు చేసిన పిమ్మట, పిల్లల బొమ్మలకు కాచని అవిసె నూనెను పలుచగా పూసి మిగిలినది తుడిచివేయవలెను. ఇది ఆరుటకు చాల రోజులు పట్టును. తుడిచిన గుడ్డను ఉండ చుట్టి మూలకు విసరరాదు. అవిసె నూనె ఆరునపుడు వేడి పుట్టును. ఉండలోని వేడి వెలికి పోలేక గుడ్డ తనంతట తానే అంటుకొనును. ప్రక్కన గడ్డివామి ఉన్నచో చెప్పనక్కరలేదు. గుడ్డను విప్పి ఆరుబయట తీగపై ఒక్క పొరగా ఆరవేయవలెను, లేదా నీళ్ల డబ్బాలో ముంచి ఉంచవలెను.