పాదిరీల చర్చి... వాలీ గారి ఇల్లు

ఖురంలో ఉండే మనవాళ్ళకు శుక్రవారం సెలవు దొరికితే బీచ్, పార్కు, లేదంటే రువి బజారు. కాస్త ఓపికుంటే మత్రా దాటి పాత మస్కట్ వెళ్ళి, అల్ ఆలం ప్యాలెస్ ముందు ఫొటోలు దిగి వచ్చేస్తాం. 1972లో కట్టిన ఆ ప్యాలెస్ ఉన్న పాత ఊళ్ళో ఒకప్పుడు క్రైస్తవ సన్యాసుల మఠం ఉండేదంటే నమ్ముతారా?

1507లో పోర్చుగీసు వాళ్ళు మస్కట్‌ను తగలబెట్టి మరీ పట్టుకున్నారు. ప్యాలెస్‌కు అటూ ఇటూ కొండల మీద కనిపించే జలాలీ, మిరానీ కోటలు 1580లలో వాళ్ళు కట్టించినవే. సైన్యం వెంట అగస్టీనియన్ పాదిరీలు వచ్చారు. చర్చి, మఠం లేచాయి. 1650లో ఇమాం సుల్తాన్ బిన్ సైఫ్ సేనలు పోర్చుగీసు వాళ్ళను వెళ్ళగొట్టాయి గానీ, చర్చిలను నేలమట్టం చేయలేదు. 1765లో ఇక్కడికొచ్చిన నీబూర్ అనే యాత్రికుడు చూసేసరికి, రెండు చర్చిల్లో ఒకటి గోదాము, రెండోది వాలీ గారి, అంటే గవర్నరు గారి నివాసం!

కట్టుబడి పనిలో ఉన్నవాణ్ణి కాబట్టి నాకిది వింతగా అనిపించలేదు. గట్టి గోడలున్న బిల్డింగు చేతికొస్తే ఎవరు కూలుస్తారు?

ఇంగ్లండులోనూ ఇదే తంతు. ఎనిమిదో హెన్రీ రాజు 1536-40 మధ్య మఠాలు మూయించి భూములు లాక్కున్నాడు. న్యూస్టెడ్ మఠం 1540లో జాన్ బైరన్ అనే దొరకు దక్కింది. మఠం కాస్తా ఎస్టేటు బంగళా అయింది. ఆ వంశంలో పుట్టిన కవి లార్డ్ బైరన్ చివరికి అప్పుల బాధతో దాన్ని అమ్ముకున్నాడు. చర్చి ముందరి గోడ ఇప్పటికీ నిలబడే ఉంది. మఠం పేరూ పోలేదు, ఆ బంగళాను నేటికీ న్యూస్టెడ్ అబే అనే అంటారు.

మస్కట్‌లోనైతే మిగిలింది పేరే. పోర్చుగీసు భాషలో చర్చిని 'ఇగ్రెజా' అంటారు. అది ఇక్కడి వాళ్ళ నోట్లో నలిగి 'గ్రైజా' అయింది. పాత మస్కట్‌లో 'బైత్ గ్రైజా' అనే పాత ఇల్లు ఉంది. జాంజిబార్ నుంచి వచ్చిన ఒమానీలు మాట్లాడే స్వాహిలీలో అదే మాట 'గెరెజా' అయి, జైలు అనే అర్థం తెచ్చుకుంది. జలాలీ కోట కూడా చాలా ఏళ్ళు జైలుగానే ఉందన్నమాట.

ఇప్పుడు మన క్రైస్తవ సోదరులు ప్రార్థనకు వెళ్ళే రువి, ఘాలా చర్చిలు సుల్తాన్ ఖాబూస్ ఇచ్చిన స్థలాల్లో కట్టినవి.

అన్నట్టు, మనం సైటులో రోజుకు వందసార్లు పిలిచే 'మేస్త్రి' కూడా పోర్చుగీసు మాటే. వాళ్ళ 'మెస్త్రె' మన తాపీ పట్టుకుంది.